ముద్దాయి పక్షమున నిలుచువాడు

హత్య చేసినవాడని ఊరంతయు చెప్పుకొనుచుండగా, వాని తరఫున నల్లకోటు తొడిగికొని కోర్టులో నిలువబడిన ప్లీడరును చూచి "ఈయనకు పాపభీతి లేదా?" అని అడుగనివారు మన ప్రాంతమున అరుదు. ఘోరమైన నేరవార్త ఏదైన పత్రికలలో వెలువడిన ఉదయమున గన్నవరము బస్టాండు చుట్టుపట్ల టీకొట్లయందును, హనుమాన్ జంక్షను వైపు పోవు బస్సులయందును ఈ ప్రశ్న వినబడుచునే యుండును. అడుగువారు దుష్టులు కారు. చనిపోయినవారి తల్లిదండ్రుల స్థానమున తమ్ము నిలుపుకొని, ఆ దుఃఖములోనుండి మాటాడుచున్నవారు. కావున దీనిని చట్టము తెలియనివారి మాటయని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. ఇది చట్టమునకు పూర్వమే పుట్టిన ధర్మప్రశ్న. పాపము చేసినవానిని దండమునుండి తప్పింపజూచుట ఆ పాపములో పాలుపంచుకొనుట కాదా? కాదందుమేని, ఏ ధర్మము ననుసరించి కాదందుము?

మన స్మృతికారులు ఈ ప్రశ్నను ఒక్క వైపునుండి మాత్రమే చూచినవారు కారు. దండింపదగినవానిని విడిచిపెట్టిన రాజునకు అపకీర్తియు నరకమును కలుగునని చెప్పిన మనువే, దండింపదగనివానిని దండించిన రాజునకును అదే గతియని చెప్పెను. అంతేకాదు, ఆ రెండింటిలో మొదట పేర్కొన్నది నిర్దోషిని దండించుటయే. సభయందు అధర్మము జరిగినచో ఆ పాపములో నాలవపాలు చేసినవానికిని, నాలవపాలు సాక్షికిని, నాలవపాలు సభాసదులకును, నాలవపాలు రాజునకును చెందునని కూడ ఆయన లెక్క కట్టినాడు. మనువు దండనీతిలో వర్ణమునుబట్టి శిక్ష మారుట మన కాలమునకే కాదు, ఏ కాలమునకును ఒప్పుకొనదగినది కాదు. ఆ భాగమును నేను నిస్సంకోచముగా త్రోసివేయుచున్నాను. కాని పాపము పంచబడునన్న ఈ మాటలో మాత్రము నేటికిని కాలము చెల్లని సత్యమున్నది. ఇప్పుడు రాజు లేడు. ప్రతి క్రిమినలు కేసునందును ఫిర్యాదుదారు స్థానమున నిలుచునది రాజ్యము, అనగా ప్రజలు. ఆ పూర్వపు రాజుగారి నాలవపాలు నేడు టీకొట్టు బల్లమీద కూర్చున్న మన పాలికి వచ్చినది.

పదమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరుని మితాక్షరను తెనుగు పద్యములలోనికి దించి, వ్యవహారము నడపవలసిన తీరును తెలుగువారికి తెలుగులో చెప్పినాడు. కేతన గురుస్థానమున ఎంచుకొన్న తిక్కనకు పూర్వమే, నన్నయభట్టారకుడు రాజమహేంద్రవరమున తెనిగించిన ఆదిపర్వమున మాండవ్యమహర్షి కథ కలదు. విదురుని పుట్టుకకు కారణము చెప్పి ముందునకు సాగిపోవు చిన్నకథ యని చాలమంది దానిని చదివి విడిచెదరు. నాకు మాత్రము నేరారోపణ మనగానేమి, విచారణ యనగానేమి, శిక్ష యనగానేమి యను మూడు ప్రశ్నలను ఇంత సంక్షేపముగా, ఇంత నిర్మొగమాటముగా మనముందు పెట్టిన కథ మన వాఙ్మయమున మరియొకటి కనబడదు.

మాండవ్యుడు తన ఆశ్రమద్వారమున చేతులు పైకెత్తి, మౌనవ్రతము పూని తపస్సు చేయుచుండెను. రాజధనమును దొంగిలించిన చోరులు రాజభటులు తరుముకొనిరాగా ఆ ఆశ్రమములో దూరి, సొమ్మును అచ్చటనే దాచి, తామును దాగికొనిరి. భటులు వచ్చి దొంగలే దారిని పోయిరని అడిగిరి. మునినుండి బదులు రాలేదు. లోపల వెదకగా సొమ్మును దొరకినది, దొంగలును దొరకిరి. దొంగిలించిన సొత్తు నీ యింట నున్నది, దొంగలు నీ యింట నున్నారు, అడిగినచో నీవు నోరు విప్పవు. ఇక నేరమునకు కొదవ యేమి? భటులు అట్లే తలంచిరి, రాజు అట్లే తలంచెను, దొంగలతోపాటు మునిని కూడ శూలమున వేయించెను. తపోబలముచేత ప్రాణము పోక ఆ మహర్షి శూలముమీదనే యుండిపోయెను. ఈ వింత తెలిసి రాజు పరుగున వచ్చి, కాళ్ళపైబడి, క్షమింపుమని వేడెను. శూలమును పెరికింపజూచెను, అది రాలేదు. మొదలంట కోయించి విడిపించెను. తునిగిన మొన శరీరములోనే మిగిలిపోయినది. అందుచేతనే ఆయన అణిమాండవ్యుడైనాడు.

ఇందులో రాజు క్రూరుడని కవి చెప్పలేదు, భటులు లంచగొండులని చెప్పలేదు. ఎవరికి వారు తమ పనిని శ్రద్ధగా చేసినవారే. ఆధారములున్నవి, సొత్తు పట్టుబడినది. నేటి పోలీసుస్టేషనులో ఇట్టి కేసును బలమైన కేసని యందురు. లోపించినది ఒక్కటే: ఆ మునికి బదులుగా నోరు విప్పి, "ప్రభూ, సొత్తు దొరకిన చోటున ఉన్నంతమాత్రమున ఈయన దొంగ యగునా? మౌనము వ్రతము కారాదా? ఈ దొంగలనే విడివిడిగా అడిగి చూచితిరా?" అని ప్రశ్నించు మనిషి ఆ సభలో లేకపోయెను. ఈ కథ మన న్యాయశాస్త్రజ్ఞుల మనస్సులను ఎంత కలచినదనగా, నారదస్మృతి వ్యవహారమును గూర్చి చెప్పుచు, దొంగ కానివాడు దొంగగా తేలుటయు, దొంగ దొరగా తేలుటయు కలదని హెచ్చరించి, దానికి దృష్టాంతముగా మాండవ్యుని పేరే పేర్కొన్నది. విచారణ తప్పగలదని మన పూర్వులు ఒప్పుకొన్నారు. విచారణ తప్పగలదని ఒప్పుకొన్న సమాజము, ఆ తప్పును పట్టుకొను మనిషిని సభలో నిలుపక తప్పదు.

కథ అక్కడితో ముగియలేదు. మాండవ్యుడు యమధర్మరాజు కడకు పోయి, "ఏ నేరమునకు నాకీ దండనము?" అని నిలదీసెను. చిన్నతనమున నీవు పురుగులకు పుల్లలు గుచ్చితివని యముడు చెప్పెను. ఇంత చిన్న తప్పునకు ఇంత పెద్ద శిక్షయా యని కోపించి, మనుష్యలోకమున పుట్టుమని ఆ ధర్మదేవతనే శపించి, పదునాలుగేండ్లలోపు పిల్లలు చేసిన పనికి పాపము లేదని మహర్షి కట్టడి చేసెను. శిక్ష అనుభవించినవాడు తనపై మోపిన నేరమేదో చెప్పుమని అడుగుట, చెప్పక తప్పక సాక్షాత్తు ధర్ముడే చెప్పుట, ఆ శిక్ష నేరమునకు తగినది కానందున ధర్మునికే శిక్ష పడుట! అరెస్టయినవానికి కారణమును వెంటనే తెలుపవలెననియు, తాను కోరిన న్యాయవాదిని సంప్రదించు హక్కు వానికి ఉండవలెననియు రాజ్యాంగము 22వ అధికరణమున వ్రాసికొన్నది 1949లో. ఎవనిని తనకు తానే వ్యతిరేకసాక్షిగా నిలువుమని నిర్బంధింపరాదని 20వ అధికరణమున వ్రాసికొన్నదియు అప్పుడే. ఈ నియమములు విదేశములనుండి తెచ్చుకొన్న అలంకారములని యనువారు ఆదిపర్వమును మరల ఒకసారి చదువవలెను.

ఇచ్చట మన ఊళ్ళలో తరచుగా వినబడు మరియొక మాటకు సమాధానము చెప్పవలసియున్నది. నిరపరాధియై జైలుపాలయినవానిని గూర్చి "వాడి ఖర్మ! పూర్వజన్మలో ఏం చేసుకున్నాడో" అని నిట్టూర్చి ఊరకుండువారున్నారు. కర్మసిద్ధాంతమును నేను నిరసింపను; తన కష్టమును తాను ఓర్చుకొనుటకు మనిషికి అది ఊతకర్ర కావచ్చును. కాని పరుని కష్టమును మనము ఓర్చుకొనుటకు దానిని వాడుకొనుట అధర్మము. మాండవ్యుని శూలముమీద చూచిన రాజు "ఇది నీ పూర్వకర్మ" యని చెప్పి ఇంటికి పోలేదు. తన తప్పును తనదిగా ఒప్పుకొని కాళ్ళపై బడెను. కర్మ యున్నదో లేదో నిర్ణయించుట దైవము పని. తప్పుగా వేసిన శిక్ష మాత్రము, వేసినవారి కర్మ.

యమసభలో ప్లీడరు లేడుగదా యని ఎవరైన ప్రశ్నింపవచ్చును. అక్కడ చిత్రగుప్తుడున్నాడు, చేసిన ప్రతి పనియు, తలచిన ప్రతి తలపును ఆయన చిట్టాలో నుండునని మన విశ్వాసము. మనుష్యుల కోర్టులో చిత్రగుప్తుడు లేడు. ఉన్నది భయపడిన సాక్షి, చీకటిలో చూచిన కన్ను, పైఅధికారి తొందరపెట్టిన దర్యాప్తు అధికారి, పత్రికల గోల, ఫైళ్ళ గుట్టలనడుమ కూర్చున్న న్యాయమూర్తి. సర్వజ్ఞుడు లేని సభలో, ఇరువైపుల వాదమును వినుటకంటె సత్యమును చేరు దారి మానవులకు నేటివరకు దొరకలేదు. మన మతములన్నియు ఈ వినయమునే నేర్పినవి. సందేహమున్నచోట శిక్షను తప్పింపుడనియు, శిక్షలో పొరబడుటకంటె క్షమలో పొరబడుట మేలనియు ఇస్లాము సంప్రదాయము చెప్పుచున్నది. మనిషి చెప్పుకొనునది వినకమునుపే మన ధర్మశాస్త్రము తీర్పు తీర్చునా యని యేసుపక్షమున నికొదేము అడిగిన ప్రశ్నను యోహాను సువార్త భద్రపరచినది. గుణదల కొండకు పోవు భక్తులకును, మసీదునకు పోవు మన పొరుగువారికిని, ఆదిపర్వము చదువు మనకును ఈ విషయమున భేదము లేదు.

అభియోగము వచ్చిన పిదప జరుగు క్రమమంతయు ఈ వినయమునకే రూపము. 2024 జూలై 1వ తేదీనుండి పాత క్రిమినలు ప్రొసీజరు కోడు స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. పేరు మారినను క్రమము చాలవరకు మారలేదు. ఎఫ్.ఐ.ఆర్. అనునది తీర్పు కాదు, ఆరోపణ చెవినబడినదను నమోదు మాత్రమే. పట్టుకొన్న మనిషిని ప్రయాణకాలము విడిచి 24 గంటలలోపల మేజిస్ట్రేటు ముందు నిలుపవలెను. మేజిస్ట్రేటు రిమాండు విధించినను, నేరముయొక్క తీవ్రతనుబట్టి 60 లేక 90 దినములలో ఛార్జిషీటు దాఖలు కానిచో ముద్దాయికి బెయిలు హక్కుగా లభించును. ఛార్జిషీటు నకలును, సాక్షుల వాఙ్మూలముల నకళ్ళను ఉచితముగా ముద్దాయి చేతికి ఇయ్యవలెను. గన్నవరము మేజిస్ట్రేటు కోర్టులో మొదలైన కేసు హత్యవంటి తీవ్రమైనదైనచో సెషన్సు కోర్టునకు పోవును. అక్కడ ఆధారము చాలదని తోచినచో జడ్జి ముద్దాయిని విచారణకు ముందే విడిచిపెట్టును, చాలునని తోచినచో అభియోగమును చదివి వినిపించి, "నేరం ఒప్పుకుంటావా?" అని అడుగును. ఆ పిదప సాక్షులు, ఎదురుప్రశ్నలు, వాదములు. పోలీసుల యెదుట చేసిన ఒప్పుకోలు సాక్ష్యముగా చెల్లదన్న పాత నియమము కొత్త సాక్ష్యచట్టమునను నిలిచియున్నది; దెబ్బలకు ఎవరైన ఏదైన ఒప్పుకొందురని అనుభవము నేర్పిన నియమమది.

ఈ నియమములు కాగితముమీద నున్నంతవరకు మృతములు. వానికి ప్రాణము పోయునది ఎవరో డెల్టాలోని ఒక కోర్టు వరండాలో నేను కండ్లార చూచితిని. పొలములోని కరెంటుమోటారు దొంగిలించినాడన్న నేరముపై ఒక కుర్రవానిని సాయంకాలము ఇద్దరు కానిస్టేబుళ్ళు తీసికొనివచ్చిరి. కాళ్ళకు చెప్పులు లేవు. చొక్కాకు పైగుండీలు రెండు తెగిపోయి, కాలరును చేతితో పట్టుకొని నిలుచుండెను. తల్లి కాబోలు, చేతిలో టిఫిను క్యారేజీతో గోడవారగా ఒదిగియుండెను. న్యాయసేవాసంస్థ నియమించిన యువ న్యాయవాది ఒకామె వచ్చి, వకాల్తా కాగితమును తన బ్యాగుమీదనే పరచి, కుర్రవాని బొటనవ్రేలికి తానే సిరా రాచి, మెల్లగా అడిగినది: "ఎప్పుడు పట్టుకొచ్చారయ్యా నిన్ను?" వాడు కానిస్టేబులు వంక చూచి ఊరకుండెను. తల్లి అందుకొని, "మొన్న పొద్దున్నే ఇంటికాణ్నించి తీసుకెళ్ళారమ్మా, నేను పాలు పిండుతుంటే" అన్నది. రిమాండు రిపోర్టులో నున్నది "నిన్న సాయంకాలము" అని. ఆ న్యాయవాది బల్లకడకు పోయి, కంఠమెత్తకయే, అరెస్టు సమయమును గూర్చి తల్లి చెప్పిన మాటను నమోదు చేయవలసినదిగా మేజిస్ట్రేటును కోరినది. మేజిస్ట్రేటు తలయెత్తి, కుర్రవానిని దగ్గరకు పిలిచి, "భయపడకు, చెప్పు. ఎవరైనా కొట్టారా?" అని తానే అడిగిరి. అప్పుడు వాడు కానిస్టేబులు వంక చూడలేదు.

ఆ కుర్రవాడు మోటారు దొంగిలించినాడో లేదో నాకు తెలియదు. ఆ న్యాయవాదికిని ఆ గడియలో తెలియదు. తెలియవలసిన అవసరము కూడ లేదు. 24 గంటల నియమము దొంగకు వేరు, దొర కొడుకునకు వేరు కాదు. దొంగవిషయమున నేడు దానిని పోనిచ్చినచో, రేపు మన పిల్లవానిని పట్టుకొనిపోయిన దినమున అది మనకు దొరకదు.

బెజవాడకు తూర్పున గన్నవరము ఎట్లో, పడమర ఇబ్రహీంపట్నము అట్లు. 2007 డిసెంబరులో అక్కడి ఒక హాస్టలులో ఫార్మసీ చదువుకొనుచున్న బాలికపై జరిగిన ఘోరము మన ప్రాంతమున ఎరుగనివారు లేరు. ఆ బిడ్డ పేరును నేను వ్రాయను. అట్టి బాధితుల పేరు ప్రకటింపరాదని చట్టము, వ్రాయకుండుట మర్యాద. 2008లో నందిగామ ప్రాంతపు పేద యువకుని ఒకనిని హంతకుడని పట్టుకొనిరి. అతని పేరును వ్రాయను, పడినది చాలును. 2010 సెప్టెంబరులో విజయవాడ కోర్టు అతనికి శిక్ష విధించినది. నిర్బంధమునందే నరముల వ్యాధి సోకి, నడువలేని స్థితిలో అతడు ఏండ్లు గడిపెను. 2017 మార్చి 31వ తేదీన హైదరాబాదులోని ఉన్నత న్యాయస్థానము అతనిపై నేరము రుజువు కాలేదని తీర్పుచెప్పి, ఒక లక్ష రూపాయలు పరిహారమిమ్మని ఆదేశించి, దర్యాప్తు జరిగిన తీరును తీవ్రముగా తప్పుపట్టెను. ఎనిమిదేండ్లకుపైగా యౌవనము జైలులో పోయిన తరువాత అతడు రాజమహేంద్రవరపు కేంద్రకారాగారమునుండి ఇంటికి వచ్చెను. మాండవ్యునికి శూలపు మొన మిగిలినట్లు ఇతనికిని లోపల ఏమేమి మిగిలినదో ఆ లక్ష రూపాయలు తీసినవి కావు.

ఈ కేసులో ముద్దాయి హంతకుడు కాడని మొదటినుండి చెప్పుచు వచ్చినవారిలో ముఖ్యురాలు చనిపోయిన బిడ్డ తల్లి. దీనిని చదువరులు మనసులో నిలుపుకొనవలెనని నా కోరిక. ముద్దాయి పక్షమున నిలుచుట బాధితుల పక్షమునకు ద్రోహమని మనము తలంచుచుందుము. ఇచ్చట బాధితురాలి తల్లియే ముద్దాయి పక్షమున నిలిచినది. ఏలయన, తప్పు మనిషికి శిక్ష పడుటతో తన బిడ్డకు న్యాయము జరుగు దారి మూసికొనిపోవునని ఆమెకు తెలిసినట్లు మరెవ్వరికిని తెలియలేదు. 2018లో ఉన్నత న్యాయస్థానము దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించినది; 2019 డిసెంబరులో తెనాలిలో ఆ బిడ్డ సమాధిని త్రవ్వి మరల శవపరీక్ష జరిపిరి. పండ్రెండేండ్ల పిదప! మొదటినాడే ఆ యువకుని వకీలు మాటను గట్టిగా విని, ఆధారములను తూర్పారబట్టియుండినచో, తాలు ఎగిరిపోయి గింజ తేలియుండెడిది. ఎదురుప్రశ్న అనునది ఆ తూర్పారబట్టుటయే. గాలి లేక ధాన్యము శుభ్రపడదు.

ఆ డిసెంబరు నెలలోనే తెలుగునాట మరియొకటి జరిగినది. హైదరాబాదు శివారులో పశువైద్యురాలు ఒకామెపై జరిగిన దారుణమునకు దేశమంతయు ఉడికిపోయెను. పట్టుబడిన నలుగురి తరఫున వాదింపబోమని షాద్‌నగరు న్యాయవాదులు ప్రకటించిరి. డిసెంబరు 6వ తేదీన చటాన్‌పల్లి కడ ఆ నలుగురును పోలీసు కాల్పులలో మరణించిరి. పోలీసులపై పూలు చల్లినవారున్నారు, మిఠాయిలు పంచినవారున్నారు. వారిలో కొందరు నాకు తెలిసిన సాధుస్వభావులు. పిదప సర్వోన్నత న్యాయస్థానము నియమించిన సిర్పుర్కర్ కమిషను 2022లో వెలుగుచూచిన తన నివేదికలో, చంపవలెనను ఉద్దేశముతోనే ఆ కాల్పులు జరిగినవనియు, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లనియు అభిప్రాయపడినది. పదునాలుగేండ్లలోపువారికి పాపము లేదన్న మహర్షి కట్టడి వారికి వర్తించు వయస్సు కాకపోవచ్చును. కాని వయస్సు ఎంత యను ప్రశ్నయైనను అడుగువాడు కోర్టులో ఒకడుండవలెనుగదా! అడుగువాడు లేకపోయెను, కోర్టే లేకపోయెను. ఒక్క నెలలోనే తెనాలిలో ఒక సమాధి తెరువబడుటయు, షాద్‌నగరు దాపున నాలుగు ప్రాణములు విచారణ లేకయే పోవుటయు చూచిన తెలుగుజాతి, ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి ఆలోచింపకపోవుట నన్ను ఇప్పటికిని బాధించుచున్న విషయము. ఆ నలుగురే దోషులైయుండవచ్చును. అట్లయిన ఆ సంగతిని సాక్ష్యముతో తేల్చి ఆ పశువైద్యురాలి తల్లిదండ్రుల కప్పగించు అవకాశము వారితోపాటు పోయినది.

వాదింపబోమని వకీళ్ళు తీర్మానించుట చెల్లదని సర్వోన్నత న్యాయస్థానము 2010లోనే, కోయంబత్తూరునకు సంబంధించిన మహమ్మద్ రఫీ కేసులో స్పష్టముగా చెప్పియున్నది. బార్ కౌన్సిలు నియమములును, ముద్దాయి దోషియో కాడో అను తన స్వంత అభిప్రాయముతో నిమిత్తము లేకుండ న్యాయవాది అతనిని సమర్థింపవలెననియు, తగిన సాక్ష్యము లేనిదే ఎవరికిని శిక్ష పడరాదన్న చట్టమునకే అతడు బద్ధుడనియు చెప్పుచున్నవి.

ఇచ్చట సూక్ష్మమైన ధర్మసంకటము ఒకటి యున్నది, దానిని దాటవేయను. ముద్దాయి తన వకీలుతో ఏకాంతమున "అవునండీ, నేనే చేశాను" అని చెప్పినచో? గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో వకీలుగా నున్నప్పుడు, కక్షిదారు తన్ను మోసగించినాడని విచారణ మధ్యలో తెలిసి ఆ కేసును కొట్టివేయుమని తానే మేజిస్ట్రేటును కోరిన సంగతి ఆయన ఆత్మకథ చదివినవారెరుగుదురు. గాంధీ వెంట నడచిన ఈ గడ్డమీద ఆ దృష్టాంతమునకు బరువెక్కువ. నా మట్టుకు నేను దీనిని ఇట్లు తేల్చుకొంటిని: వకీలు చేయదగినది రుజువును పరీక్షించుట, చేయరానిది అబద్ధమును సృష్టించుట. దొంగసాక్షిని తెచ్చి నిలుపువాడు, సాక్షిని బెదరించువాడు, పత్రములను మార్చువాడు ముద్దాయి పక్షమున నిలుచువాడు కాడు, నేరములో కొత్తగా చేరినవాడు. కాని కక్షిదారు చెప్పిన రహస్యమును తన కడుపులో దాచుకొని, "రుజువు చేయుడు" అని ప్రాసిక్యూషనును నిలదీయుట అసత్యము కాదు. అతడు నిర్దోషి యని ప్రమాణము చేయుచున్నది లేదు. మీరు చూపిన ఆధారము శిక్షకు చాలునా యని అడుగుచున్నాడు. ఆ ప్రశ్న దోషివిషయమునను సత్యమైన ప్రశ్నయే. శిక్ష తగ్గింపుమని కోరుటయు అంతే: వాని పేదరికమును, వయస్సును, వాని నమ్ముకొన్న వారిని కోర్టు కంటికి చూపుట పాపమును కప్పిపుచ్చుట కాదు, పాపము చేసినవాడును మనిషియే యని గుర్తుచేయుట. దండముయొక్క ప్రమాణము తప్పినందుకే గదా ధర్ముడంతవాడు శాపము పాలైనాడు!

ఈ పనిని గౌరవముగా చేసినవారు మన జాతికి కొత్త కాదు. 1911లో కలెక్టరు ఆష్ హత్యకేసులో, ముద్దాయిల పేరెత్తుటయే భయమైన ఆ కాలమున, టంగుటూరి ప్రకాశముగారు ముద్దాయిల పక్షమున నిలిచిరి. తెలంగాణా పోరాటకాలమున ఉరిశిక్ష పడిన రైతుల కేసు సర్వోన్నత న్యాయస్థానమునకు వచ్చినప్పుడు, వారి తరఫున వాదించుటకు ఇంగ్లండునుండి డి.యన్. ప్రిట్ వచ్చెను, వకీలు సహాయము సరిగా అందకయే విచారణ జరిగినదన్నది ఆ రైతుల మొరలలో నొకటి. తరువాతి తరమున కె.జి. కన్నబిరాన్ గారు కుట్రకేసులలో, తాము ఒప్పుకొనని మార్గములను త్రొక్కినవారి కొరకును, ఏండ్లతరబడి హైదరాబాదు కోర్టులలో నిలిచిరి. వీరెవరును నేరమును ప్రేమించినవారు కారు.

నేటి వాస్తవము ఒకటి చెప్పి ముగించెదను. పెద్దవాడు అరెస్టయినచో గంటలోపల పెద్ద వకీళ్ళు స్టేషనునకు వత్తురు. మోటారు దొంగిలించినాడన్న కుర్రవానికి తల్లియు టిఫిను క్యారేజియు తప్ప ఎవరును రారు. చట్టము ఈ వ్యత్యాసమును ఒప్పుకొనలేదు. 1987 నాటి న్యాయసేవా అధికార సంస్థల చట్టము 12వ సెక్షను ప్రకారము, నిర్బంధమునందున్న ప్రతి మనిషికిని, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ప్రభుత్వవ్యయముతో న్యాయవాదిని పొందు హక్కు కలదు. మొదటిసారి మేజిస్ట్రేటు ముందు నిలిచిన క్షణమునుండియే ఆ హక్కు వర్తించునని 1980లో ఖత్రీ కేసులో సర్వోన్నత న్యాయస్థానము చెప్పినది. అడుగుట తెలియక ఈ హక్కును పోగొట్టుకొనువారు మన చుట్టును ఉన్నారు. మీ వీధిలో, మీ పొలములో పనిచేయువారిలో, ఎవరి పిల్లవానినైన పోలీసులు తీసికొనిపోయినట్లు తెలిసిననాడు, వాడు మంచివాడా చెడ్డవాడా యని తర్కింపక, పట్టుకొన్న సమయమును ఒక కాగితముమీద వ్రాసికొని, వాని తల్లిని వెంటబెట్టుకొని కోర్టులోని న్యాయసేవాసంస్థ కార్యాలయమునకు పొండు. పోలేనిచో 15100 నంబరునకు ఫోను చేయుడు. అది దేశమంతట పనిచేయు ఉచిత న్యాయసహాయపు నంబరు.